బావ చెప్పిన ఫైలు

ఆఫీసులోని పెద్ద సర్వరు మొండికేసింది. ఎన్నిసార్లు ఆన్ చేసినా లేవడం లేదు. దాన్ని చూసుకునే బావే పాడుచేశాడన్న అనుమానంతో ఆయన్ని ఇంటికి పంపి, ఆయన ఉద్యోగం ఇప్పించిన బావమరిదినే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అతనికేమీ పాలుపోక బావకే ఫోన్ చేశాడు.

“తెర మీద ఏముందో చదవరా.”

“డిస్కు కార్డుకి ఫర్మ్‌వేర్ దొరకలేదట బావా. ఆ తర్వాత సిస్టమ్‌ని నడిపే కెర్నల్ చేతులెత్తేసింది.”

“పాపం, దాని తప్పేం లేదు. కార్డుని నడిపే ఆ ఫర్మ్‌వేర్ ఫైలు అందకపోతే కార్డు పనిచేయదు, కార్డు పనిచేయకపోతే కెర్నల్‌కి డిస్కే కనబడదు. పెన్‌డ్రైవ్‌తో లేపి చూడు. ఆ ఫైలు పోయుంటుంది.”

నిజంగానే పోయింది. బావ చెప్పినట్టే పెన్‌డ్రైవ్‌లోని ఫైలును దాని చోట పెట్టి, మెషీన్ లేచేటప్పుడు చదివే బూట్ ఇమేజ్‌ని మళ్లీ తయారుచేసి, మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి లాగిన్ తెర వచ్చింది.

“లేచింది బావా! నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి.”

“అవేం వద్దురా. నేనే చెప్పానని మేనేజరుగారితో ఒక్క మాట అను, చాలు. చెడగొట్టినవాడే బాగుచేయిస్తాడా అని ఆయనకే తడుతుంది. మీ అక్క తిండి మానేసి కూర్చుంది.”

“ఇప్పుడే వెళ్లి చెబుతా బావా.”

ఫోన్ పెట్టేసి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాడు.

“మెషీన్ లేచింది సార్. ఏ ఫైలు పోయిందో మా బావే ఫోన్లో చెప్పాడు. మెషీన్ మొహమైనా చూడకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు.” తలుపు దగ్గరకు వేసి గొంతు తగ్గించాడు. “తీసినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది సార్?”