కీర్తన తాగిన మొదటి గ్లాసు

హరితకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాప కడుపులోకి చెడ్డ నీళ్లు పోతాయేమోనని.

రెండేళ్ల కీర్తన స్నానం చేస్తూ నోరు తెరిచినా ఆమె గుండె జారిపోతుంది. చుట్టాలింటికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా పాప తాగే క్యాన్ నీళ్లు సంచీలో ఉండాల్సిందే.

"నేను కుళాయి నీళ్లు తాగి గింత పెరగలేదా? నీ బిడ్డకేమో క్యాన్ నీళ్లు! రేపు దాని అత్తగారింటికి గూడ క్యాన్ మోసుకొని పోతవా?" అంటాడు భర్త దుర్గేష్.

"పోత బావా. నీకేం బరువు?" అంటుంది హరిత.

దుర్గేష్ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. శనివారం సాయంత్రం భజన, ఆదివారం సేవ. భజన మండలి పెద్ద చిదంబరంగారు, రిటైరైన గుమస్తా. దాహం తీర్చడాన్ని మించిన పూజ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే మండలి వాళ్లు ఊళ్లకు వెళ్లి నీళ్ల ఫిల్టర్లు పెట్టి వస్తారు. పైపుల పనంతా దుర్గేష్‌దే.

ఆ ఆదివారం చౌటుప్పల్ దాటాక లోపలికి ఉండే ఒక చిన్న ఊరు. చూద్దామని హరిత కూడా బయల్దేరింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టెంపో ఎక్కేటప్పుడు పాప సంచీ పైకి అందుకున్న చిదంబరంగారు, "ఏమ్మా, బోరింగు కూడా పట్టుకొచ్చావా?" అన్నారు. టెంపో అంతా నవ్వింది.

ఆ ఊళ్లో బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లు గార పట్టి ఉన్నాయి. నలభై దాటినవాళ్లకు మోకాళ్లు వంగవు.

మధ్యాహ్నానికి ఫిల్టరు తయారైంది. చిదంబరంగారు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, మొదటి గ్లాసు స్వామి పటం ముందు పెట్టారు. ఆ తర్వాత ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని, "రండమ్మా, తీర్థం అనుకుని తీసుకోండి" అన్నారు.

ఒక్కరూ కదల్లేదు.

మల్లవ్వ అనే ముసలామె కొంగు నడుముకు చుట్టి ముందుకొచ్చింది.

"ఇంతకుముందు గూడ ఎవలో వచ్చి గిట్లనే డబ్బా పెట్టిన్రు. ఫోటోలు దిగిన్రు, పోయిన్రు. ఆ నీళ్లు తాగి మా పోరగాండ్లకు వారం దినాలు మోషన్లు. మల్లొక్కపారి మోసపోతమా? మీ బిడ్డకు తాపుండ్రి సారూ. గప్పుడు మేం తాగుతం."

అందరి చూపూ హరిత చంకలో ఉన్న కీర్తన మీద పడింది.

"తాపు హరితా. నా చేతులతోని బిగించిన గదా" అన్నాడు దుర్గేష్.

హరిత పాపను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బలవంతమేం లేదమ్మా. భయమైతే వద్దు" అన్నారు చిదంబరంగారు.

"సూసిన్రా? సొంత తల్లే తాపుతలేదు!" మల్లవ్వ పెద్దగా నవ్వి ఖాళీ బిందె చంకనేసుకుంది. వెనకాల ఉన్నవాళ్లు కూడా బిందెలు ఎత్తుకుని వెనక్కి తిరిగారు. దుర్గేష్ ముఖం వాడిపోయింది.

హరిత చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

"ఆగుండ్రి. గ్లాసుతోని తాగదు, మీదంత ఒంపుకుంటది. దాని సిప్పర్‌ల పోసుకొస్త."

పాపను దుర్గేష్‌కిచ్చి టెంపో వెనక్కి వెళ్లింది. నిండిన సిప్పర్‌తో తిరిగొచ్చి పాప నోటికి అందించింది.

కీర్తన గటగటా తాగేసి, పెదాలు చప్పరించి, "ఇంకా" అంది.

ఊరంతా ఘొల్లున నవ్వింది. మొదటి బిందె మల్లవ్వే పట్టుకుంది. దోసిట్లో పట్టి తాగి, "జర సప్పగున్నయ్ గని, మంచిగనే ఉన్నయ్ తీ" అని తీర్పు చెప్పింది. పోతూ పోతూ కీర్తన బుగ్గ గిల్లింది.

సోమవారం పొద్దున్నుంచి కీర్తనకు విరేచనాలు.

"నీళ్ల తేడా. ఫికర్ చేయకుండ్రి, ఓఆర్ఎస్ తాపుతా ఉండండి" అన్నాడు డాక్టరు. బుధవారానికి పాప లేచి ఇల్లు పీకి పందిరేస్తోంది.

కానీ సంగతి ఊరిదాకా వెళ్లింది. దాచడం పాపమని చిదంబరంగారే ఫోన్ చేసి చెప్పారు. ఆ సాయంత్రమే ఫిల్టరు గదికి తాళం పడింది.

మల్లవ్వ దుర్గేష్‌కు ఫోన్ చేసింది. "బిడ్డెట్లుంది కొడుకా? ఆడుకుంటుందా? సల్లగుండాలె. మాకైతే ఏం కాలే. గని పసిపిల్లకు అయిందంటే, రేపు మా పిల్లలకు గాదా? మేం పాత బోరుకే పోయినం."

దుర్గేష్ ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. "యాడనో తప్పు బిగించిన. ఇగ నేను పోను. దేవుని పని నా చేతులతోనే చెడిపాయె."

"నీ తప్పు గాదు బావా."

"మరెవలది?"

హరిత పాపను అతని ఒళ్లో కూర్చోబెట్టి ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పది తర్వాత ఆగిన చదువు. నాలుగు ముక్కలు టైపు చేయడానికి అరగంట పట్టింది. కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది. దాన్నే మండలి గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి పెట్టేసింది.

హాల్లో దుర్గేష్ ఫోన్ టింగుమంది. అతను తెరిచి చదివాడు.

"మల్లవ్వకు ఫోన్ చేసి ఫిల్టరు తాళం తీయమనండి, ఆ రోజు టెంపో వెనక నేను పాప సిప్పర్‌లో పోసింది ఇంటి నుంచి తెచ్చిన మా క్యాన్ నీళ్లు, కాబట్టి మన బిల్డింగులో ఆ క్యాన్ వేయించుకునేవాళ్లు దయచేసి మీ పిల్లలెలా ఉన్నారో ఒకసారి చూసుకోండి."