బాబా బావికి వచ్చిన కాకి

ఆ ఏడు ఎండలకు అడవంతా ఎండిపోయి, ఒక్క పాడుబావిలోనే నీళ్లు మిగిలాయి. ఆ బావి గూట్లో ఉండే ముసలి పావురాన్ని పక్షులన్నీ బాబా అని పిలిచేవి.

"దప్పికతో వచ్చినవాణ్ణి నువ్వెవరని అడక్కండి. వాడెవరో వాణ్ణి పంపినవాడికి తెలుసు" అని బాబా రోజూ చెప్పేవాడు. జీనత్ అనే ఆడపావురం గుడ్లు తినేసిన కాకిని కూడా ఆయన నీళ్లు తాగనిచ్చాడు. ఆ రోజు జీనత్ కడుపు మండిపోయింది.

నడివేసవిలో బాబా కన్నుమూశాడు. శిష్యులు ఆయన గూటిని ఎండిన మోదుగుపూలతో నింపి, బాబా ఎరిగినవాళ్లే నీళ్లు తాగాలని బావికి కాపలా పెట్టారు.

మూడోనాడు ఆ కాకి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

"బాబా నన్ను తాగనిచ్చేవాడు. కావాలంటే జీనత్‌ని అడగండి" అంది.

"నిజమేనా అక్కా?" అన్నాడు కాపలా ఉన్న లతీఫ్ పావురం.

జీనత్‌కు తన గుడ్లు గుర్తొచ్చాయి. "నాకు తెలీదు" అంది.

లతీఫ్ దారి ఇవ్వకపోవడంతో కాకి గట్టు పక్కనే కూలబడింది. బావిలో శిష్యులు బాబా మాటలు వల్లిస్తున్నారు. అవి వినలేక జీనత్ బావిలోకి దిగి, ముక్కుతో నీళ్లు పట్టుకొచ్చి కాకి నోట్లో పోసింది.

కాకి గుటక వెయ్యలేదు. నీళ్లు ముక్కు పక్కనుంచి కారిపోయి మట్టిలో ఇంకిపోయాయి.