బోడి రికార్డు

చెవుల డాక్టరు గారు కాగితం మీద ఒక గీత చూపించారు. గీత కిందికి దిగుతోంది.

"ఇంకో ఏడాది వినపడొచ్చు. ఆ తర్వాత చెప్పలేం," అన్నారు.

"ముందు ఏ శబ్దాలు పోతాయండీ?" అని అడిగాడు బీరువా.

"సన్నవి."

"బేస్ ఉంటుందా?"

డాక్టరు గారు బీరువా భార్య వైపు చూశారు. ఆమె కిటికీ వైపు చూసింది.

బీరువా అతని అసలు పేరు కాదు. కుర్రతనంలో వీధి డ్యాన్సులకు పాటలు వేసేవాడు. అతని స్పీకర్లు బీరువాలంత ఉండేవి, అందుకని ఆ పేరు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో ఒక గది నిండా పాత హిప్-హాప్, ఎలక్ట్రో-ఫంక్ రికార్డులే. ఆ గదిలో ఒక మంచం వేసుకోవచ్చని భార్య చాలా ఏళ్లు ఆశపడింది. తర్వాత ఆశపడటం మానేసింది.

అన్ని కొన్నాడు గానీ, అతనికి కావలసింది ఒక్కటే.

ఆ రోజుల్లో ఊళ్లో పాటలు వేసేవాళ్లందరికీ ఒక అలవాటు ఉండేది. మంచి రికార్డు దొరికితే నీళ్లలో నానబెట్టి, మధ్యలో ఉన్న లేబుల్ గీకేసేవాళ్లు. పక్కవాడు తొంగిచూసి, పేరు పట్టేసి, తెల్లారేసరికి వాడూ ఒకటి కొనుక్కొస్తాడని భయం. ఎవరి పెట్టె తెరిచినా బోడి రికార్డులే. బీరువా అయితే మరీనూ. కొత్త కట్ట ఇంటికి రాగానే, ఒక్కటీ వినకుండానే, మొత్తం బకెట్లో వేసేవాడు. స్నానానికి బకెట్ దొరక్క వాళ్లమ్మ తిట్టని వారం లేదు. ఆ తర్వాత ఏది ఏదో తనకే తెలిసేది కాదు. అయినా గుట్టు గుట్టే.

ఒక ఏడు ఊళ్లో పెద్ద పోటీ జరిగింది. బీరువా గెలిచినట్టే అనుకుంటున్నారు. అప్పుడు అవతలివాడు, సూది అని పిలిచేవాళ్లు, ఒక బోడి రికార్డు తీసి పెట్టాడు. డ్రమ్ మెషీన్ నాలుగు దెబ్బలు కొట్టింది. నేలలోంచి బేస్ లేచింది. మనిషిదో యంత్రానిదో తెలియని గొంతు ఒకటి ఏదో లెక్క అప్పజెప్పినట్టు మాట్లాడింది. బీరువా ముందు ఆడుతున్న జనం అంతా అటు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో అతని భార్య కూడా ఉంది. అప్పటికింకా పెళ్లి కాలేదు.

బీరువా ఓడిపోయాడు. కానీ ఓడిన బాధకంటే ఆ పాట మీద మోహమే ఎక్కువైంది.

"పేరేంట్రా?" అని అక్కడే అడిగాడు.

సూది నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అప్పటినుంచీ బీరువా వెతుకుతూనే ఉన్నాడు. పాత రికార్డుల కొట్టు ఎక్కడున్నా వెళ్లి, ఆ బేస్‌ను నోటితో వాయించి వినిపించాడు. కొట్లవాళ్లు మర్యాదస్తులు, చివరిదాకా విన్నారు. పాటలు గుర్తుపట్టే ఫోను యాప్‌కు వినిపిస్తే అది పడవ ఇంజను శబ్దమని చెప్పింది. దొరికినవన్నీ కొన్నాడు, కొన్నవన్నీ విన్నాడు. కొన్ని బాగానే ఉన్నాయి. అది మాత్రం కాదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక్క ఏడాది.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే భార్య అంది: "సూది అన్నయ్య ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాడుగా. వెళ్లి అడగొచ్చు."

"వాడి గడప తొక్కను."

"సరే. చెవులు పోయాక తొక్కండి. ఆయన ఏమన్నా మీకు బాధుండదు."

బీరువా రెండు వీధులు ఆలోచించాడు. మూడో వీధిలో సూది కొట్టు ఉంది.

సూది ఫొటోలకు ఫ్రేములు కడుతున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో అద్దం కోసే కత్తి అలాగే ఆగిపోయింది.

"ముసలాడివైపోయావేంరా," అన్నాడు.

"నువ్వు బాగా ఉన్నావా? పొట్ట ఎక్కడిదాకా వచ్చిందో చూసుకో."

కుశల ప్రశ్నలు అయిపోయాయి. ఎవరూ కూర్చోలేదు. చెవుల సంగతి భార్యే చెప్పింది, దాపరికం లేకుండా. సూది కత్తి కింద పెట్టి వెనక గదిలోకి వెళ్లాడు. దుమ్ము దులిపిన చప్పుడు వినపడింది. టర్న్‌టేబుల్, ఒక పాత స్పీకరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి ఆ బోడి రికార్డు తీశాడు.

నాలుగు దెబ్బలు. బేస్. గోడకున్న ఖాళీ ఫ్రేములన్నీ కదిలాయి.

బీరువా ఏడ్చాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. అంతా గుర్తున్నట్టే ఉంది, గుర్తున్నదానికంటే బాగుంది. భార్య కాలు తాళం వేస్తోంది. అతను చూసేసరికి ఆపేసింది. పాట అయిపోయాక ఎవరూ అడక్కుండానే సూది మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

"ఇప్పుడైనా పేరు చెప్పరా. ఇంక పోటీలేం లేవుగా."

సూది రికార్డును సంచిలో పెట్టి బల్ల మీదుగా అతని వైపు జరిపాడు.

"పట్టుకెళ్లు."

"నాకొద్దు. ఇంకొకడి సరుకు నా పెట్టెలో పెట్టుకోను. పేరు చెప్పు చాలు, నాది నేను వెతుక్కుంటా."

"తీసుకోరా బాబూ."

"ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నావు. చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పేయండి అన్నయ్యా," అంది భార్య. "ఈయనతో ఇంకో ఏడాది కొట్లన్నీ తిరిగే ఓపిక నాకు లేదు."

సూది చీపురు తీసుకుని గాజు ముక్కలు ఊడ్చాడు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు.

"నాకు మాత్రం ఏం తెలుసురా," అన్నాడు చివరికి, "పోటీ ముందు రోజు నీ పెట్టెలోంచి నేను కొట్టేసేటప్పటికే దాని లేబుల్ నువ్వు గీకేసి పెట్టావు."