ఖాళీ రిక్షా బరువు

చేత్తో లాగే రిక్షాలో ఎవరూ లేరు, అయినా వెనక ఎవరో కూర్చున్నారని మౌలాలి చేతులకు తెలిసిపోయింది. ఖాళీ బండైతే ముందు కర్రలు బరువుగా కిందికి లాగుతాయి. సవారీ ఎక్కి వెనక్కి వాలితేనే తేలికై పైకి లేస్తాయి. ఆదోని స్టేషన్ దాటినప్పటి నుంచి అవి లేస్తూనే ఉన్నాయి.

తిరిగి చూశాడు. సీటు ఖాళీ.

పత్తి మిల్లు దగ్గర బీడీ కాలుస్తున్న తోటి రిక్షావాడు ఈరన్న నవ్వాడు. "ఏమప్పా, ఖాళీ బండి ఈడ్సేకి ఇన్ని సెమటలా? మన హుసేన్ సచ్చిపోయినాడు గదా, వాని పెండ్లాం ఇమాంబీ మళ్ళా వచ్చినాది. స్టాండులో దగ్గుతా పడిపోయిన మొగుణ్ణి ఎక్కిచ్చుకపోయినోడు దోవలో ఏల దింపినాడని అడుగుతాంది."

"నాకేం తెలుసన్నా," అంటూ మౌలాలి కదిలాడు.

రోడ్డంతా చక్రాల చప్పుడొక్కటే. ఆసుపత్రి గేటు ముందు ఆగాడు. సవారీ దిగడానికి ఎప్పటిలాగే కర్రలు నేలకు వంచబోయాడు.

అవి వంగలేదు.

ఎంత బలం పెట్టినా వంగలేదు. మౌలాలి ఖాళీ సీటు వైపు తిరిగాడు.

"హుసేనన్నా, ఇమాంబీకి నేనే సెప్తా. ఆ పొద్దు నిన్ను ఈడికే తెస్తాంటి. సెకండ్ షో ఇడిసినారు. ఇంట్లో పిల్లోల్లు రెండు దినాలుగా పస్తు. ఒక్క సవారీ దింపి వస్తానని నిన్ను మిల్లు గోడకు ఆనిచ్చి పోతి. బిరీన రా తమ్మీ అంటివి. నేను ఇంకో సవారీ గూడా ఎక్కిచ్చుకుంటి."