ముందు విమానంలో వచ్చినవాళ్లు

“ఇంత చిన్న బ్యాగు చేత్తో పట్టుకెళ్లొచ్చు సర్” అంది హైదరాబాదు ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి.

“వద్దమ్మా. చీటీ కట్టి లోపలెయ్యండి” అన్నాడు విశ్వాసం.

బ్యాగులో ఉన్నవి ఒక చొక్కా, ఒక తువ్వాలు, పళ్లపొడి. వాటిని విమానం పొట్టలో వేయించడానికి అంతసేపు లైన్లో నిలబడ్డాడు. రాత్రంతా అక్కడి ఇనుప కుర్చీల్లో కూర్చుని నడుము పట్టేసింది. అయినా సరే. ఆ చీటీ కావాలి.

విమానంలో పక్క సీటాయన పలకరించాడు. ఎక్కడికని అడిగితే, ఏలూరు దగ్గరండి, మా అమ్మ జ్ఞాపకార్థ కూటం అని చెప్పాడు. విమానం ఎక్కడం మొదటిసారా అంటే, రెండోసారండి అన్నాడు. మొదటిసారి ఎప్పుడని ఆయన అడగలేదు. విశ్వాసం చెప్పలేదు.

వాళ్ల చర్చిలో ఏ కూటానికైనా ఒక పద్ధతుంది. ఎవరు పెట్టారో తెలీదు. ముందు విమానంలో వచ్చినవాళ్లు మాట్లాడతారు. తర్వాత రైల్లో వచ్చినవాళ్లు. టైముంటే మిగతావాళ్లు. టైము ఎప్పుడూ ఉండదు. బిర్యానీ చల్లారిపోతుంది.

విమానంలో వచ్చినవాళ్లకి పాస్టరుగారి పక్కన కుషను కుర్చీ కూడా వేస్తారు. ఫ్యాను అటే తిప్పి ఉంటుంది. దూరం నుంచి వచ్చిన కన్నీళ్లు కదా, ముందు వాటిని ఆరబెట్టాలి.

పోయినేడు విశ్వాసం విమానంలో రాలేదు. కాబట్టి వంటల దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాడు. బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడు అజయ్ కుషను కుర్చీలోంచి లేచి, అమ్మ పాట పాడుకుంటూ ప్రశాంతంగా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని మైకులో చెప్పాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు.

అమ్మ పోయిన పూట అజయ్ బెంగళూరులోనే ఉన్నాడు. పక్కన ఉన్నది విశ్వాసం. అలా జరగలేదండి అని చెప్పడానికి గరిటె పక్కన పెట్టి వచ్చేసరికి ముగింపు ప్రార్థన అయిపోయింది. అసలు సంగతి ఏడాదిగా అతని గొంతులో అడ్డంపడి ఉంది. ఈసారి మైకులో చెప్పి తీరాలి. ఆవిడకి ఒక్క పాటా పూర్తిగా రాదు. ఎవరో పాటల మనిషిని తలుచుకున్నట్టు తలుచుకుంటుంటే చూస్తూ ఎలా ఊరుకోవడం?

విమానం వాలుగా తిరిగినప్పుడు దూరంగా కొల్లేరు వైపు చేపల చెరువులు తళతళలాడాయి. విశ్వాసం బెల్టు గట్టిగా పట్టుకుని అటే చూశాడు.

గన్నవరంలో దిగి, బ్యాగు తీసుకుని, ఏలూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో చర్చి ముందు దిగేసరికి లోపల పాట మొదలైంది. చీటీ బయటికి కనబడేలా బ్యాగు తిప్పి పట్టుకున్నాడు.

గుమ్మంలోనే దేవకుమారి పిన్ని పట్టుకుంది. ఆవిడ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చింది. అంటే రెండో వరస.

“ఏరా, విమానంలో వచ్చావా? నీకేవైనా పిచ్చా?”

“చీటీ చూడు పిన్నీ.”

ఎంతయిందిరా అని అడిగింది. అది మాత్రం చెప్పలేదు. “రానూపోనూ ఒకేసారి తీసుకున్నాలే” అన్నాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జాషువా పాస్టరుగారు చీటీ వంక చూశారు. విశ్వాసం వంక చూశారు. మళ్లీ చీటీ వంక చూశారు.

“నిజంగా విమానం ఎక్కారా విశ్వాసంగారూ?”

“పొద్దుటి ఫ్లైటేనండి. గన్నవరంలో దిగాను.”

ఆయన నవ్వు ఆపుకున్నారు. “పద్ధతి పద్ధతే కదండీ మరి” అని తనే కుషను కుర్చీ లాగి వేశారు. అజయ్ కుర్చీ కాస్త పక్కకి జరిగింది. ఫ్యాను ఇద్దరి మధ్యకీ వచ్చింది.

ముందు పెద్దకొడుకుని పిలిచారు. విశ్వాసం మైకు పట్టుకున్నాడు.

“మా అమ్మ పాట పాడుతూ పోలేదండి. నన్ను తిడుతూ పోయింది. ఆ పూట కొర్రమీను పులుసు నేనే పెట్టాను. రెండు ముద్దలు తింది. ఉప్పెయ్యడం రాదు, ముల్లు తియ్యడం రాదు, నేను పోతే ఏం తిని బతుకుతావురా అంది. ఇంకో ముద్ద పెట్టబోతే నోరు తెరవలేదు. అలిగిందనుకున్నాను.”

మొదట్లో నవ్వినవాళ్లు చివరికొచ్చేసరికి ఆగిపోయారు. తర్వాత అజయ్ వంతు. అతను ఫోన్లో రాసుకొచ్చింది చదవకుండానే ఫోను జేబులో పెట్టేసుకుని, అన్నయ్య చెప్పాడు కదండీ అని కూర్చున్నాడు. ఆ ఏడు బిర్యానీ వేడిగా వడ్డించారు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట అజయ్ మెల్లగా అడిగాడు.

“నా గురించి ఏమైనా అందా అన్నయ్యా?”

“అంది. విమానం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టొద్దని చెప్పమంది.”

అజయ్ నవ్వబోయాడు. కుదరలేదు. మొహం కడుక్కుంటున్నట్టు మళ్లీ కొళాయి తిప్పాడు.

బయట అజయ్ కోసం అద్దె కారు సిద్ధంగా ఉంది. డ్రైవరు డిక్కీ తెరిచి సామాను సర్దుతూ విశ్వాసం చేతిలో బ్యాగుకున్న చీటీ చూశాడు.

“తమరూ ఎయిర్‌పోర్టుకేగా సార్? ఎక్కండి, ఫ్లైటుకి టైమవుతోంది.”

“నా రానూపోనూ అయిపోయాయిలే బాబూ” అని విశ్వాసం బ్యాగు భుజాన వేసుకుని, రోడ్డు దాటి, చర్చికి ఎదురుగా ఉన్న తన ఇంటికి నిన్న సాయంత్రం వేసి వెళ్లిన తాళం తీశాడు.