ఒక దెబ్బ తక్కువ

"సంతకం పెట్టక్కా," అంది దాసోం.

కొరియాలోని జేజు దీవి గోల్ఫ్ టోర్నీ గెలిచిన మిరాన్, కార్డులు అప్పజెప్పే గుడారంలో తన స్కోరుకార్డును నాలుగోసారి కూడుకుంటోంది. ఆటలో ఒకరి స్కోరు, అంటే బంతిని ఎన్ని దెబ్బలు కొట్టారన్న లెక్క, మరొకరు రాయాలి; ఆడినవాళ్లు సరిచూసుకుని సంతకం పెట్టాలి. మిరాన్ స్కోరు రాసింది దాసోమే.

"సంతకానికి ఈ సంతాపం మొహమేంటమ్మా?" నవ్వాడు టోర్నీ అధికారి.

"ఇది ఎక్కడో ఒక దెబ్బ తగ్గించి రాసుంటుంది సార్!" అంది మిరాన్. "సంతకం పెట్టగానే తప్పుడు కార్డని నన్ను ఆటలోంచి తీసేయిస్తుంది."

"ఎందుకు చేస్తుంది?"

"పోయినేడు దానికి నేనలాగే చేశానుగా!"

గుడారంలో అందరూ తలలెత్తారు. మిరాన్ నోరు మూసుకుంది, కానీ ఆలస్యంగా.

"చూసుకోకుండా సంతకం పెట్టానని మా నాన్న ఏడాదిగా నాతో మాట్లాడట్లేదు," అంది దాసోం. "నీ కార్డు సరిగ్గానే ఉందక్కా. రాసేటప్పుడల్లా నిన్ను చూసి నవ్వాను, అంతే."