ఒంటిముల్లు గడియారం

నాలుగో గాజుపెట్టె మీద ముసుగు తీయగానే హాలంతా చప్పట్లు మోగాయి. చిన్నకోడలు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

పెట్టెలో ఉన్న చేతిగడియారానికి ఒకటే ముల్లు. గంటల ముల్లు. అంకెలు లేవు, నిమిషాల ముల్లు లేదు. ధర మాత్రం ఆకాశంలో ఉంది.

"ఆఫీసుకి ఆలస్యమైతే ఇక నేరం గడియారం మీదకి నెట్టెయ్యొచ్చు!" అన్నాడు ఏటా వచ్చే ఒక పెద్దమనిషి.

"వచ్చే ఏడు ఉత్త పట్టీ అమ్ముతారేమో! నాకొకటి తీసిపెట్టండి," అన్నాడు ఆయన పక్కనున్నాయన. నవ్వులు.

ఆ ఏడాది విడుదల చేసిన కొత్త గడియారాలన్నీ వరసగా పెట్టి, కొనేవాళ్ళనీ పత్రికలవాళ్ళనీ పిలిచి చూపించడం ఆ సంస్థలో ఆనవాయితీ. సంస్థంటే పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. ఇద్దరు అన్నదమ్ములది. అన్న గడియారాన్ని కాగితం మీద గీస్తాడు, తమ్ముడు ముక్కలు తెచ్చి కూరుస్తాడు. వాళ్ళ నాన్న పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. గడియారాన్ని మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. మధ్యలో రెండో చెయ్యి పడితే దాని మీద సంస్థ పేరు వెయ్యరు.

ఆ తమ్ముడి భార్యే చిన్నకోడలు. ఆమె మొదటి పెట్టె దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసుకుంటూ వచ్చింది.

మొదటిదాన్లో గోరంత కిటికీ. అందులో చంద్రుడు పెరుగుతాడు, తరుగుతాడు. ఆ చంద్రుడి బిళ్ళ కూర్చడంలో తన భర్తని మించినవాడు లేడని ఈ రంగంలో పగవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. రెండో గడియారంలో చంద్రుడు లేడు. మూడోదాన్లో సెకన్ల ముల్లు కూడా లేదు. నాలుగోది ఇదిగో, ఇలా ఏడ్చింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. విడివిడిగా చూసినప్పుడు తట్టలేదు, వరసగా పెడితే అర్థమైంది. తమ్ముడికి పేరు తెచ్చినవాటినే బావగారు ఒక్కొక్కటీ పీకేస్తూ వచ్చారు. చివరికి ఎవరైనా కూర్చగలిగే గడియారం మిగిలింది. ఎవరైనా కూర్చగలిగితే ఇక తమ్ముడెందుకు?

"దీని వెనకున్న ఆలోచన ఏమిటండీ?" అని అడిగింది ఒక పత్రిక అమ్మాయి.

"మనిషికి నిమిషాలెందుకమ్మా? చెట్టు నిమిషాలు చూసుకుని పూస్తుందా?" అన్నారు బావగారు.

మళ్ళీ చప్పట్లు.

భర్త హాలు చివర గోడకి ఆనుకుని, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, ఇలా చూస్తూ ఊరుకుంటారా?"

"ఏం చెయ్యమంటావే?"

"చంద్రుణ్ణి తీసేశారు, నోరెత్తలేదు. సెకన్ల ముల్లు తీసేశారు, నోరెత్తలేదు. రేపు మిమ్మల్నీ తీసేస్తారు."

"అన్నయ్య గీసింది నేను కూరుస్తాను. ఇన్నేళ్ళూ అంతేగా."

"గడియారాలు కూర్చే ఆ బల్ల దగ్గర కూర్చోకుండా మీరు ఒక్క పూట ఉండగలరా?"

ఆయన దూరంగా మొదటి గాజుపెట్టె వైపు చూశాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ మొహం చూస్తోంది గానీ, ఆ చూపు ఎప్పుడూ చూడలేదు.

"నన్నేం అడక్కు. వెళ్ళు, వచ్చినవాళ్ళని చూసుకో," అన్నాడు.

ఆమె వెళ్ళలేక, ఉండలేక నిలబడిపోయింది. దేవుణ్ణి ఏనాడూ నిలదీసిన మనిషి కాదు. ఇవాళ మాత్రం అడిగింది. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఒకరికి ఇంత ఓర్పు, ఇంకొకరికి అంత కడుపుమంట ఎందుకు పెట్టావు స్వామీ?

జనం వెళ్ళిపోయారు. బావగారు తన గీతల గదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎదురుగా తెల్ల కాగితం.

"బావగారూ, ఒక్క మాట."

"చెప్పమ్మా. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు, ముందు కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఆయన్ని బల్ల దగ్గర్నించి లేపాలనుంటే మొహం మీదే చెప్పెయ్యండి. ఇలా ఏడాది పొడుగునా గిల్లుతూ కూర్చోకండి."

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "లేపడమా? నేనా? వాణ్ణా?"

"కాకపోతే ఏమిటిది? అందరూ మీ గీతకన్నా ఆయన చేతినే మెచ్చుకుంటున్నారని కాదూ? ఆ చేతికి పని లేకుండా చేస్తే మీ కడుపు చల్లబడుతుందా?"

పెద్దవాళ్ళని ఆమె ఎన్నడూ అంత మాట అనలేదు.

బావగారికి కోపం రాలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తెల్ల కాగితాన్ని అటూ ఇటూ జరిపారు.

"వచ్చే ఏటి గడియారం ఇంకా గీయలేదమ్మా. ఎన్నాళ్ళనించో కూర్చుంటున్నా, గీత పడడం లేదు." తలుపు వైపు ఓసారి చూశారు. "వాడు నీతో ఏమీ చెప్పలేదా?"

"మీ మీద ఈగ వాలనివ్వరు ఆయన. ఏం చెబుతారు?"

"నా సంగతి కాదు."

"మరి?"

"నాకు తెలుసని వాడికి తెలీదు. నువ్వూ చెప్పకు. తెలిసిన పూటే బల్ల వదిలి వెళ్ళిపోతాడు."

"ఏం తెలుసు బావగారూ?"

ఆయన ఆమె మొహంలోకి చూడలేక కాగితం వైపే చూస్తూ అన్నారు:

"ఏ ముక్క కూర్చేటప్పుడు వాడి చెయ్యి వణకడం నా కంటపడిందో, ఆ ముక్క లేకుండా తరవాతి గడియారం గీసుకుంటూ వచ్చానమ్మా, ఇక తీసెయ్యడానికి ఆ ఒక్క ముల్లే మిగిలింది."